చెరువు మట్టం నెమ్మదిగానే దిగుతుంది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళుగా ఇంజనీరుగా పనిచేస్తున్నాను కాబట్టి ఏ బ్యారేజీ గురించో, ఏ కాలువ గురించో మాట్లాడతానని కమిటీ వారు అనుకున్నారు. బరువు తగ్గడం గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కాసేపు ఆలోచించి, "భోజనాలకు ముందు పెట్టమంటారా, తరువాతా?" అని అడిగారు. ముందే పెట్టమన్నాను. భయపడకండి, వెనకాల వండుతున్నవాటిలో దేన్నీ మీరు వదిలేయక్కర్లేదు. ఆ మాటే ఇవాళ వివరంగా చెప్పాలని వచ్చాను.

ఈ విషయమే ఎందుకంటే, పొద్దుటినుంచి కనీసం పదిమంది నన్ను అడిగారు, "మీ అన్నయ్య రాలేదేం?" అని. అన్నయ్య ఈ బడిలోనే చదివాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన కబడ్డీ ఆట గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆయనకు ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. నిన్న చేయించుకున్నాడు, ఇవాళ ప్రయాణం చేసే ఓపిక లేదు. నలభై మూడో ఏట సుగరు బయటపడింది. పదిహేనేళ్ళకు మూత్రపిండాల దాకా వచ్చింది. నాన్నగారికీ సుగరు ఉండేది. నిన్న రాత్రి ఫోన్లో అన్నయ్యే అన్నాడు: "నా సంగతి కూడా చెప్పు, దాచకు. అక్కడున్నవాళ్ళలో ఒక్కడికి పనికొచ్చినా మంచిదే." ఆయన అనుమతితోనే చెబుతున్నాను.

సుగరు వచ్చిందంటే ఆ మనిషి ఏదో తప్పు చేశాడని కాదు. వంశం ఉంటుంది, వయసు ఉంటుంది, ఉద్యోగం తీరు ఉంటుంది. పైగా మన దేశంవాళ్ళ ఒంటి తీరు కూడా ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి ఎత్తుకీ బరువుకీ ఉన్న నిష్పత్తి, అంటే బీఎంఐ, ఒక్కటే: 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే ఆ తెల్లాయనకు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా మనవాళ్ళకు కొవ్వు లోపల, పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే బీఎంఐ 25 దాటితే అధిక బరువని ప్రపంచమంతా అంటుంటే, మన వైద్యులు మనకు 23 దాటితేనే అధిక బరువనీ, 25 దాటితే ఊబకాయమనీ లెక్క కట్టారు. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదన్నారు.

ఇక నా అంకెలు. 2021 జూన్‌లో నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 93 కిలోలు, బీఎంఐ 32. నడుము 108 సెంటీమీటర్లు. పరగడుపు సుగరు 112. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1. ఆ పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు వస్తే సుగరు గుమ్మం ముందు నిలబడి ఉందని అర్థం. నా వయసు 52. అన్నయ్యకు డయాలసిస్ మొదలైంది ఆ ఏడాదే.

ఇప్పుడు నా బరువు 78 కిలోలు, నడుము 94. పరగడుపు సుగరు 96, హెచ్‌బీఏ1సీ 5.6. సుగరు మందులు మొదలుపెట్టలేదు. బీపీ మాత్ర డోసును డాక్టరుగారు సగానికి తగ్గించారు. పుస్తకం ప్రకారం చూస్తే నేనింకా లావే, ఇంకా నాలుగు సెంటీమీటర్ల నడుము బాకీ ఉన్నాను. కాబట్టి మీ ముందు నిలబడింది ఆరోగ్య పురుషోత్తముడు కాదు. పదిహేను కిలోలు తగ్గడానికి నాకు మూడేళ్ళకు పైగా పట్టింది. మొదటి ఏడాది ఏడు, రెండో ఏడాది అయిదు, ఆ తరువాత మూడు. "ఓస్, ఇంతేనా! మా బావమరిది మూడు నెలల్లో పన్నెండు తగ్గాడు" అని మీలో ఎవరైనా అనవచ్చు. మరో ఏడాది ఆగి మీ బావమరిదిని మళ్ళీ తూకం వేయండి అని నా మనవి.

మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గించే పద్ధతులు చాలా ఉన్నాయి. తగ్గుతారు కూడా. మన గోదావరి డెల్టాలో ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తాం, మరమ్మతుల కోసం. కట్టేసినన్నాళ్ళూ కాలువ ఎండుతుంది. జూన్ రాగానే వదలక తప్పదు, వదలకపోతే రైతులు ఊరుకోరు. ఒంటికి తిండి కట్టేయడమూ అంతే. కొన్నాళ్ళు కట్టేయగలం, జీవితమంతా కట్టేయలేం. గేటు మళ్ళీ పాత ఎత్తుకు లేపిన రోజు నుంచి నీళ్ళు పాత మట్టానికే బయలుదేరతాయి.

నా వృత్తి భాషలో చెబితే ఒళ్ళు ఒక చెరువు. తిండి దాంట్లోకి వచ్చే నీరు. ఒంటి వేడి, గుండె, ఊపిరి, నడక, పని, ఇవన్నీ పోయే నీరు. కొవ్వు చెరువులో నిలవ ఉన్న నీరు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయని పాత లెక్క. ఆ లెక్కన రోజుకు 100 కేలరీలు తగ్గించి తింటే ఏడాదికి 36,500 అవుతుంది, అంటే నాలుగు కిలోల ముప్పావు తగ్గాలి. ప్రతి ఏడాదీ అలాగే తగ్గుతూ పోతే ఇరవై ఏళ్ళకు 95 కిలోలు. 93 కిలోల మనిషిని నేను పూర్తిగా మాయమైపోవాలి. అలా జరగదని మన లెక్కల మాస్టారు అక్కర్లేదు, ఎవరైనా చెబుతారు.

ఎందుకు జరగదంటే, చెరువు మట్టం దిగేకొద్దీ నీటి విస్తీర్ణం తగ్గుతుంది. విస్తీర్ణం తగ్గితే ఆవిరయ్యేదీ, ఇంకేదీ తగ్గుతుంది. ఎక్కడో ఒకచోట వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం నిలబడుతుంది. ఒళ్ళు కూడా తేలికయ్యేకొద్దీ తక్కువ ఖర్చుతో నడుస్తుంది. 2011లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ లెక్కను సరిగ్గా కట్టారు. రోజువారీ తిండిలో సుమారు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి సుమారు ఏడాది, 95 శాతం తగ్గడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది.

ఈ రెండు వాక్యాలు చదివాక నా మనసు కుదుటపడింది. దీంట్లో రెండు కబుర్లున్నాయి. మొదటిది, చిన్న మార్పు చాలు. రోజుకు వంద కేలరీలకు నాలుగు కిలోలు ఖాయం. రెండోది, ఆ మార్పు శాశ్వతంగా ఉండాలి, మూడేళ్ళు ఓపిక పట్టాలి. అందుకని ఏ మార్పు తలపెట్టినా నన్ను నేను ఒకటే ప్రశ్న వేసుకున్నాను: "డెబ్బై అయిదేళ్ళ వయసులో కూడా నేను ఇది సంతోషంగా చేస్తానా?" కాదు అన్న జవాబు వస్తే దాన్ని మొదలే పెట్టలేదు. అన్నం పూర్తిగా మానడం ఆ పరీక్షలో తప్పింది. ఆవకాయ మానడం తప్పింది. మా ఆవిడ చేసే పెసరట్టు మానడం అయితే పరీక్ష దాకా కూడా రాలేదు.

నెగ్గినవి మూడు.

మొదటిది టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. చెంచాకు అయిదు గ్రాములు, 20 కేలరీలు. రెండు చెంచాలను ఒక్కసారిగా అరచెంచా చేయలేదు. రెండు వారాలకోసారి పావుచెంచా తగ్గించుకుంటూ వచ్చాను. నాలుక కూడా నెమ్మదిగానే నేర్చుకుంటుంది. మూడు నెలలకు అరచెంచా దగ్గర ఆగాను. రోజుకు ఆరు చెంచాలు మిగిలాయి, 120 కేలరీలు. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్ళి మామూలు టీ తాగితే పాయసంలా ఉంటోంది.

రెండోది రాత్రి అన్నం. నేను పూటకు తినే వండిన అన్నాన్ని వంటింటి త్రాసు మీద తూచాను. 300 గ్రాములుంది. మధ్యాహ్నం దాన్ని ముట్టుకోలేదు. రాత్రి మాత్రం 150 చేశాను. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు, అంటే 195 తగ్గాయి. ఖాళీ అయిన చోట కూర, పప్పు పెంచాను. కడుపు నిండకపోతే ఏ నియమమూ నిలవదు. వాటి కేలరీలు తీసేస్తే నికరంగా 115 దాకా మిగులుతుంది.

మన కంచం గురించి ఒక మాట. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళు భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు ఇచ్చారు. రోజుకు 2,000 కేలరీల తిండిలో బియ్యం, గోధుమల వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలన్నారు. పచ్చి బరువుల్లో చూస్తే బియ్యం కంటే కూర ఎక్కువ. మన విస్తరిలో గుట్ట అన్నం, పక్కన నిమ్మకాయంత కూర ఉంటుంది. దాన్ని ఒక్కరోజులో తిరగేయలేం గానీ, ఆ దిక్కుగా నాలుగడుగులు వేయవచ్చు. పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి పెంచితే ఆకలి ఆలస్యంగా వేస్తుందని నా అనుభవం కూడా.

మూడోది నూనె. ఇది మా ఆవిడ పద్దు. పిల్లలు చదువులకు వెళ్ళాక ఇంట్లో ఇద్దరమే. నెలకు మూడు లీటర్లు వచ్చేది. రెండు లీటర్లే తెచ్చి, అవి నెలాఖరు దాకా రావాలనుకున్నాం. వేపుడు రోజూ ఉండేది వారానికి రెండు రోజులైంది. పునుగులు, బజ్జీలు ఆదివారానికి మారాయి. లీటరు నూనె అంటే సుమారు 8,200 కేలరీలు. ఇద్దరికీ, ముప్ఫై రోజులకూ పంచితే తలా రోజుకు 135 పైచిలుకు. ఇందులో ఒక సౌకర్యం ఉంది, చెంచాలు లెక్కపెట్టక్కర్లేదు. డబ్బా మీద కన్నుంటే చాలు. హెడ్ రెగ్యులేటరు దగ్గర నీరు కొలిస్తే ప్రతి పిల్లకాలువ దగ్గరా కొలవనక్కర్లేదు కదా, అలాగే.

పండగలకు, పెళ్ళిళ్ళకు ఏ నియమమూ పెట్టుకోలేదు. ఆత్రేయపురం పూతరేకులు ఎవరైనా తెస్తే తిన్నాను, తాపేశ్వరం కాజా తిన్నాను. ఏడాదిలో అటువంటి రోజులు ముప్ఫై ఉంటాయనుకోండి, చెరువు మట్టాన్ని తేల్చేది మిగతా 335 రోజులే.

ఇక సైకిలు దగ్గరకు వద్దాం. ఈ బడికి మనలో సగంమంది సైకిలు మీదే వచ్చేవాళ్ళం. గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్నాం. ఒంటికి వచ్చిన విద్యల్లో మళ్ళీ నేర్చుకోనక్కర్లేనిది ఇదొక్కటే. మా అపార్టుమెంటులో కింద ఒక కుర్రాడి గేర్ల సైకిలు దుమ్ముకొట్టుకుని ఉంటే వాళ్ళ నాన్నగారిని అడిగి సగం ధరకు తీసుకున్నాను. రెండు టైర్లు, బ్రేకు రబ్బర్లు మార్పించాను.

నడక కూడా మంచిదే. నాకు సైకిలు కుదరడానికి కారణం మోకాళ్ళు. 93 కిలోల మనిషి నడిస్తే అడుగడుగుకీ ఆ బరువు మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది.

రాజమండ్రిలో మా ఇంటి నుంచి గోదావరి గట్టు మీదుగా ధవళేశ్వరం వైపు వెళ్ళి రావడం నా దారి. పొద్దున్న అయిదున్నరకు బయలుదేరితే నలభై నిమిషాల్లో పది కిలోమీటర్లు. వారానికి అయిదు రోజులు. ఓపిక ఉన్న ఆదివారం బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం దాకా పోతాను. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, బ్యారేజీ నాలుగు భాగాలూ, మధ్యలో లంకలూ దాటుకుంటూ వెళుతుంటే పక్కన నీళ్ళు, ఎదురుగా ఎండ. ఉద్యోగంలో జీపులో వందసార్లు తిరిగిన దారే అది. కాటన్ దొర కాలంలో, 1852లో పూర్తయిన పాత ఆనకట్ట ఎక్కడ ఉండేదో ఆలోచించుకుంటూ పోయేంత తీరిక సైకిలు మీదే దొరికింది.

నలభై నిమిషాలు తొక్కితే ఎంత ఖర్చవుతుంది? సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి లెక్క జాగ్రత్తగా చెబుతాను. ఆ వేగంలో నా కాళ్ళు ఇచ్చే శక్తి 80, 85 వాట్లు. మన ఇంట్లో పాత సీలింగు ఫ్యాను తిరగడానికి కూడా దాదాపు అంతే కావాలి. 85 వాట్లు నలభై నిమిషాలంటే సుమారు 200 కిలోజౌళ్ళు. మన కండరాలు తిన్న శక్తిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మారుస్తాయి, మిగతాది వేడి. కేలరీకి నాలుగు కిలోజౌళ్ళ పైచిలుకు. ఈ రెండు నాలుగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి పెడలు మీద ఎన్ని కిలోజౌళ్ళ పని జరిగితే ఒంట్లో సుమారు అన్ని కేలరీలు కరుగుతాయి. అంటే 200. వేరుశెనగ గుళ్ళు 35 గ్రాములు, ఒక గుప్పెడు, తింటే అదంతా తిరిగి వచ్చేస్తుంది.

కాబట్టి సైకిలు తొక్కుతున్నాను కదా అని దారిలో రెండు ఇడ్లీ, ఒక వడ లాగిస్తే తూకం ముల్లు కదలదు. బరువు తగ్గించేది ముఖ్యంగా కంచమే. మరి సైకిలెందుకంటే, కంచం చేయలేని పనులు అది చేస్తుంది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది. గుండెకు, రక్తనాళాలకు మంచిది. నాకు నిద్ర కుదురుకుంది. దించిన బరువును దించినచోటే నిలబెట్టుకోవడానికి వ్యాయామం అవసరం మరీ ఎక్కువ. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. నలభై నిమిషాలు అయిదు రోజులంటే 200.

మన తిండి, మన ఒళ్ళు వేరు, ఈ మాటలు మనకు వర్తిస్తాయా అని ఎవరికైనా అనుమానం ఉండవచ్చు. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో సుగరు గుమ్మం ముందున్నవాళ్ళను బరువులో 7 శాతం తగ్గమని, వారానికి 150 నిమిషాలు నడవమని చెప్పి దగ్గరుండి చేయించారు. మూడేళ్ళలో వాళ్ళలో సుగరు బారిన పడేవాళ్ళు 58 శాతం తగ్గారు. 2006లో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ళ మీద అటువంటి అధ్యయనమే ఫలితాలతో ప్రకటించింది. తిండిలో, నడకలో మార్పులు చేసుకున్నవాళ్ళలో సుగరు 28 శాతానికి పైగా తగ్గింది. విశేషం ఏమిటంటే ఇక్కడ చెప్పుకోదగ్గ బరువు తగ్గకుండానే ఆ ఫలితం వచ్చింది. తూకం ముల్లు కదలని నెలల్లో నన్ను సైకిలు ఎక్కించింది ఈ ఒక్క సంగతే. పైకి ఏమీ కనపడకపోయినా లోపల పని జరుగుతోంది.

అటువంటి నెలలు వచ్చాయి. రెండో ఏడాది ఆగస్టు నుంచి నవంబరు దాకా 84 దగ్గర ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. వానలు, గోదావరికి వరద, వరద డ్యూటీలు, ఎక్కడ దొరికితే అక్కడ తిండి. ఆ నాలుగు నెలలూ సైకిలు వారానికి రెండు రోజులే కుదిరింది. పంచదార అరచెంచా, రాత్రి అన్నం కొలత మాత్రం కదలలేదు. పెరగలేదు కదా అదే చాలనుకున్నాను. డిసెంబరులో మళ్ళీ దిగడం మొదలైంది. చెరువు మట్టం గంటకోసారి కొలిచేవాడికి గాలి తెచ్చే అలలే కనిపిస్తాయి. నేను ఆదివారం పొద్దున్న ఒక్కసారి తూగి, నాలుగు వారాల సగటు రాసుకుంటాను.

లెక్కలు కలిసి రావు కూడా. పంచదార, అన్నం, నూనె, సైకిలు కలిపితే రోజుకు 510 కేలరీలు, ఆ సూత్రం ప్రకారం 21 కిలోలు తగ్గాలి. నా తూకంలో తగ్గింది 15. మిగతా ఆరు ఎక్కడికి పోయాయని మా ఆవిడ అడిగింది. హెడ్ రెగ్యులేటరు దగ్గర వదిలిన నీరంతా చివరి భూములకు చేరదు, దారిలో ఊట నష్టం, ఆవిరి నష్టం ఉంటాయన్నాను. "ఆ ఊట పక్కింటి మిక్చరు పొట్లంలోకి" అంది ఆవిడ.

ఇప్పుడు సైకిలు ఎక్కాలనుకునేవారికి నాలుగు పనికొచ్చే మాటలు.

సీటు ఎత్తు ముఖ్యం. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన కొలత. సీటు బాగా దించుకుని తొక్కితే మోకాళ్ళు నొప్పి పెడతాయి.

వేగం వద్దు. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా, దానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. యాభై దాటాక గాలితో పంతం ఎందుకు? పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత శ్రమ సరిపోతుంది. మొదటి నెల నేను పదిహేను నిమిషాలే తొక్కాను.

హెల్మెట్టు, వెనక ఎర్ర దీపం, టైర్లలో సరిపడా గాలి తప్పనిసరి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఛాతీలో పట్టేసినట్టుండడం, మెట్లెక్కితే ఆయాసం ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఇన్సులిన్ గానీ, సుగరును బాగా దించే కొన్ని మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి తగ్గించి, శ్రమ పెంచితే సుగరు మరీ పడిపోవచ్చు. డోసు సంగతి డాక్టరుతో మాట్లాడి, జేబులో గ్లూకోజు పెట్టుకుని బయలుదేరండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు పప్పు, గుడ్డు పెంచే ముందు కూడా అడగాలి.

సైకిలు చేయని పని ఒకటుంది. మన వయసులో కండ కరిగిపోతుంటుంది. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండా పోతుంది. సైకిలు కాళ్ళకే పని చెబుతుంది, ఎముకల మీద భారం పెట్టదు. కాబట్టి వారానికి రెండు రోజులు గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం, నీళ్ళ బిందె ఎత్తడం లాంటివి చేయండి. డ్రిల్లు మాస్టారు మనచేత తీయించిన బస్కీలు ఇప్పుడు వైద్య సలహా అయి తిరిగొచ్చాయి.

చెల్లెళ్ళకు, అక్కయ్యలకు ఒక మాట. తెల్లవారుజామున ఒంటరిగా రోడ్డెక్కడం మగవాళ్ళకున్నంత తేలిక మీకు కాదని తెలుసు. మా ఆవిడ సైకిలు తొక్కదు. పక్కింటివాళ్ళు ముగ్గురితో కలిసి సాయంత్రం నడుస్తుంది. నూనె లెక్క ఆమెదే, ఆమె బరువూ ఆరు కిలోలు తగ్గింది. ఇంట్లో అందరూ తిని, చివర మిగిలింది పారేయలేక తినేయడం మాత్రం ఆపండి. ఆ మిగిలింది ఎవరికీ బాకీ లేరు మీరు.

మన అందరికీ ఇంకొకటి. ఇటువంటి సభల్లో కలవగానే "ఏరా, ఇంత లావయ్యావేంటి?" అనే పలకరింపు మానేద్దాం. ఆ మాటవల్ల ఇప్పటిదాకా ఎవరూ తగ్గలేదు. "రేపు పొద్దున్న నాతో వస్తావా?" అంటే కొందరైనా వస్తారు. మా గట్టు మీద ఇప్పుడు ఆరుగురం తిరుగుతున్నాం. అందులో ఇద్దరు నా బ్యాచ్ వాళ్ళే.

సంఘానికి ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. స్వర్ణోత్సవ నిధిలో కొంత ఖర్చుపెట్టి బడిలో రేకుల కప్పుతో మంచి సైకిలు స్టాండు కట్టిద్దాం. ఒక గాలి పంపు, పంక్చరు సామాను పెట్టిద్దాం. ఇప్పుడు రెండు కిలోమీటర్ల దూరం నుంచి కూడా పిల్లలు ఆటోల్లో కిక్కిరిసి వస్తున్నారు. ఎండలో, వానలో సైకిలు నిలబెట్టుకునే చోటుంటే కొందరైనా తొక్కుకుంటూ వస్తారు. దానికి అంచనా నేనే వేస్తాను, పని దగ్గర నేనే నిలబడతాను, నా వంతు చందా కోశాధికారిగారికి ఇందాకే ఇచ్చాను. మీరందరూ ఇళ్ళకు వెళ్ళాక కుట్టు మిషను దగ్గరి టేపు తీసుకుని బొడ్డు మీదుగా నడుము కొలిచి, తేదీ వేసి, క్యాలెండరు వెనక రాసిపెట్టండి. ఆ అంకె ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పక్కన, డెబ్బై అయిదేళ్ళకు కూడా సంతోషంగా చేయగల ఒక్క చిన్న మార్పు రాసుకోండి. ఒక్కటే.